ఎదురుగాలిలో పాతకాపులు

బిగ్ సర్ మారథాన్ అమెరికా పడమటి ఒడ్డున, కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఏప్రిల్ చివరి ఆదివారం జరుగుతుంది. పరుగు దారి దాదాపు మొత్తం ఒకే రోడ్డు. పసిఫిక్ సముద్రం అంచు పట్టుకుని సాగే ఒకటో నంబరు రాష్ట్ర రహదారి అది. దక్షిణాన బిగ్ సర్ లోయలోని రెడ్‌వుడ్ అడవి దగ్గర మొదలై, 42.195 కిలోమీటర్లు ఉత్తరానికి సాగి, కార్మెల్ ఊరి పొలిమేరలో ముగుస్తుంది. ఈ పోటీ పుట్టుక కథ చిన్నది. ఆ దారిన కారులో వెళ్తున్న విలియం బర్లీ అనే జడ్జికి కార్మెల్ ఇంకా 26 మైళ్లని చెప్పే బోర్డు కంటపడింది. మారథాన్ దూరం కూడా ఇరవయ్యారు మైళ్లూ కొసరూ. 1986లో మొదటి పోటీ జరిగింది.

ఆ మొదటి ఏడు పరుగెత్తి, తర్వాత ఒక్క పోటీ కూడా వదలనివాళ్లు కొందరున్నారు. నిర్వాహకులు వాళ్లను గ్రిజిల్డ్ వెట్స్ అంటారు. తల నెరిసిన పాతకాపులన్నమాట. ఏటా వాళ్ల సంఖ్య తగ్గడమే గానీ పెరిగే వీలు లేదు. వయసు మీరిన రన్నర్లకు ఇంత గౌరవమైన చోటు మరో పెద్ద పోటీలో దొరకడం కష్టం. ఇంత కఠినమైన దారి దొరకడమూ కష్టమే.

శాన్‌హోసే, ఫ్రీమాంట్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రోడ్డు కొత్త కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు బిక్స్‌బీ వంతెన చూపించడానికి తీసుకెళ్లేది ఈ దారినే. కారులోంచి కనిపించేవి నీలి సముద్రం, పచ్చని కొండవాలు, వంపులు తిరిగే తారురోడ్డు. ఫొటోలో గాలి పడదు కాబట్టి, అందమైన మారథాన్‌ల జాబితాల్లో బిగ్ సర్‌ను చూసి పేరు నమోదు చేసుకున్నవాళ్లకు సగం సంగతే తెలుస్తుంది. రెండో సగం వంతెన దగ్గర కారు తలుపు తెరిచినప్పుడు తెలుస్తుంది. ఒక్కోసారి ఆ తలుపును గట్టిగా పట్టుకోవలసి వస్తుంది.

ఈ గాలి వెనక పెద్ద ఏర్పాటే ఉంది. వసంతం వచ్చేసరికి ఉత్తర పసిఫిక్ మీద అధికపీడనం బలపడుతుంది. అదే సమయంలో కాలిఫోర్నియా లోపలి మైదానాలు, ఎడారులు వేడెక్కి అక్కడ పీడనం పడిపోతుంది. ఈ తేడా వల్ల తీరం పొడవునా వాయవ్య దిక్కునుంచి గాలి వీస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దీని జోరు ఎక్కువ. బిగ్ సర్ దగ్గర శాంటా లూసియా కొండలు నేరుగా సముద్రంలోంచి గోడలా లేస్తాయి. గాలి ఆ గోడను సులువుగా దాటలేక దాని వెంబడే పరుగుతీస్తుంది, కొండకొమ్ములు సముద్రంలోకి చొచ్చుకొచ్చిన చోట్ల ఇంకా వేగం పుంజుకుంటుంది. ఈ గాలే పైనున్న నీటిని ఒడ్డునుంచి లోపలికి నెట్టేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. అందుకే కాలిఫోర్నియా అంటే ఎండ అనుకుని వచ్చినవాళ్లు ఏప్రిల్‌లో ఈ సముద్రంలో కాలు పెట్టి వెంటనే వెనక్కి తీసుకుంటారు. నీటి వేడి చాలా రోజులు 10 నుంచి 13 డిగ్రీల మధ్యే ఉంటుంది. దాని మీదుగా వచ్చే గాలీ అంతే చల్లగా తగులుతుంది.

రన్నర్ల ముఖం ఉత్తరానికి, గాలి ముఖం దక్షిణానికి. దారి ఎటు మళ్లినా మొత్తమ్మీద లెక్క ఎదురుగాలే. తుఫాను మేఘాలు కమ్మిన ఏడు గాలి దక్షిణం నుంచి వీచి వెన్ను తడుతుంది గానీ అప్పుడు వాన కూడా వస్తుంది. పొగమంచు దట్టంగా పట్టిన ఉదయాలు కాస్త నయం, గాలి నెమ్మదిస్తుంది. మామూలు ఏడాదిలో గాలికి ఒక దినచర్య ఉంటుంది. తెల్లవారుజామున మందంగా ఉండి, లోపలి నేల వేడెక్కుతున్నకొద్దీ పొద్దెక్కేసరికి పుంజుకుంటుంది. వయసు మళ్లిన రన్నర్‌కు అసలు చిక్కు ఇక్కడే. ఉదయం 6:45కి అందరూ ఒకేసారి బయల్దేరినా, రెండున్నర గంటల్లో ముగించే యువకుడు గాలి పూర్తిగా నిద్రలేవకముందే కార్మెల్ చేరతాడు. అయిదు గంటలు పట్టే అరవయ్యేళ్లవాడు పదకొండు దాటాక కూడా ఆ గాలిలోనే ఉంటాడు. ఇద్దరూ ఒకే పోటీలో ఉన్నట్టు ఫలితాల పట్టిక చెబుతుంది. వాళ్లు పరుగెత్తిన వాతావరణాలు మాత్రం వేరు.

గాలి ఒంటిని నెట్టే బలం దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గాలి లేని రోజున గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేవాడికి 20 కిలోమీటర్ల గాలి ఎదురైనట్టే. గంటకు 30 కిలోమీటర్ల ఎదురుగాలి తోడైతే అది 50 అవుతుంది, ఒంటి మీద పడే బలం ఆరు రెట్లు దాటుతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే పెద్దాయనకు 10 కాస్తా 40 అవుతుంది, బలం 16 రెట్లవుతుంది. రెట్లు చూసి గాలి అంతా ముసలివాడి మీదే పడుతోందనుకుంటే పొరపాటు. మొదట్లో ఆయన మోసే భారం చాలా తక్కువ కాబట్టే అన్ని రెట్లు. అడుగడుక్కీ ఎక్కువ గాలిని చీల్చేది వేగంగా వెళ్లేవాడే. పెద్దాయన తక్కువ భారాన్ని రెట్టింపు సేపు మోస్తాడు. అదీ అంతకుముందు గాలి అంటే ఏమిటో పట్టించుకోనక్కర్లేని ఒంటితో.

గాలికి విరుగుడు ఇంకో మనిషి వీపు. దీన్ని లెక్కగట్టి చూపినవాడు గ్రిఫిత్ ప్యూ అనే బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త. 1953లో హిల్లరీ, టెన్సింగ్ ఎవరెస్ట్ ఎక్కిన యాత్రలో ఆక్సిజన్, నీరు, తిండి సంగతులు చూసింది ఆయనే. 1971లో ప్రచురించిన ప్రయోగంలో, వేగంగా పరుగెత్తే రన్నర్ మరొకరికి ఒక మీటరు వెనక ఉంటే గాలి అడ్డు దాదాపు 80 శాతం తగ్గుతుందని చూపాడు. 2019 అక్టోబరులో వియన్నాలో ఎలియుడ్ కిప్చోగే 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం ముగించినప్పుడు ఆయన చుట్టూ సాయం రన్నర్లను ప్రత్యేకమైన ఆకారంలో నిలబెట్టింది కూడా ఈ సూత్రంతోనే. బిగ్ సర్‌లో అలాంటి వైభోగం లేదు. కొన్ని వేలమంది బయల్దేరినా కొండల వల్ల జనం త్వరగా పలచబడిపోతారు. ఉన్న నలుగురైదుగురిలో ఎవరో ఒకరి వెనక చేరాలి, మధ్యమధ్యలో తానూ ముందుకు వెళ్లాలి. వంతు తీసుకోకుండా చివరిదాకా ఒకే వీపు వెనక దాక్కునేవాళ్లను రన్నర్లు ఇట్టే పసిగడతారు. ఏమీ అనరు, మెల్లగా పక్కకు జరుగుతారు.

ఎదురుగాలి ఎంత తీసుకుంటుందో వెనకగాలి అంత తిరిగి ఇవ్వదు. ప్రయోగశాలల్లో తేలిన ఈ సంగతికి బోస్టన్ మారథాన్ రోడ్డు మీద రెండు పక్కలా సాక్ష్యం చూపింది. 2011లో గాలి వెనకనుంచి వీచింది. జెఫ్రీ ముతాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో ముగించాడు. అప్పటికి ప్రపంచంలో ఎవరూ అంత వేగంగా మారథాన్ పరుగెత్తలేదు. దారి ఒక కొసనుంచి మరో కొసకు సాగుతూ, పల్లం కూడా ఎక్కువ కావడంతో దాన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించలేదు. 2018లో అదే దారిలో చలి, వాన, ఎదురుగాలి. గెలిచిన యూకీ కవౌచీ సమయం 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లు. మంచి వాతావరణానికి అలవాటుపడిన మేటి రన్నర్లు చాలామంది మధ్యలోనే తప్పుకున్నారు. అప్పట్లో జపాన్‌లో ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ ఏటా లెక్కలేనన్ని పోటీలు పరుగెత్తే కవౌచీకి మాత్రం అది మరో ఆదివారంలాంటిదే.

వయసు తీసుకునే వాటా సంగతి గాలికంటే స్పష్టంగా తెలుసు. గుండె అత్యధిక వేగం ఏటా కొద్దికొద్దిగా పడిపోతుంది. వయసును 0.7తో హెచ్చవేసి 208 లోంచి తీసేస్తే సుమారు అంకె వస్తుంది. ముప్ఫయ్యేళ్లకు 187, అరవయ్యేళ్లకు 166. గుండె కొట్టుకునే గరిష్ఠం తగ్గితే కండరాలకు చేరే ఆక్సిజన్ గరిష్ఠమూ తగ్గుతుంది. కదలకుండా కూర్చునేవాళ్లలో అది పదేళ్లకు పది శాతం చొప్పున తగ్గితే, సాధన మాననివాళ్లలో అందులో సగం దాకా ఆపుకోవచ్చు. కండరాల్లో వేగానికి పనికొచ్చే పోగులు ముందు సన్నబడతాయి, ఓర్పుకు పనికొచ్చేవి ఎక్కువ కాలం నిలుస్తాయి. వంద మీటర్లలో ఓడిన పెద్దమనిషి మారథాన్‌లో ఇంకా పోటీ ఇవ్వగలగడానికి కారణం ఇదే. కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్ 2004లో టొరంటోలో 73 ఏళ్ల వయసులో 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. 2016లో, 85 ఏళ్లకు, 3 గంటల 57 నిమిషాల లోపే. ఇంటి దగ్గరి శ్మశానంలో గంటల తరబడి చుట్లు కొట్టడం ఆయన సాధన.

వయసుకు పట్టికలున్నాయి. ఒక వయసువాళ్ల అత్యుత్తమ సమయంతో పోల్చి శాతాలు కట్టే పద్ధతి వెటరన్ పోటీల్లో అందరికీ తెలిసినదే. బోస్టన్‌లో పరుగెత్తే అర్హత కోసం 18 నుంచి 34 ఏళ్ల పురుషులు 2026 పోటీకి 2 గంటల 55 నిమిషాల్లోపు ముగించవలసి ఉండేది. 60 నుంచి 64 ఏళ్లవాళ్లకు 3 గంటల 50 నిమిషాల దాకా గడువు ఉండేది. బిగ్ సర్ సమయం కూడా ఆ అర్హతకు పనికొస్తుంది. అయితే గాలికి పట్టిక లేదు. 40 కిలోమీటర్ల ఎదురుగాలిలో వచ్చిన 3:52కీ, చెట్టు ఆకు కదలని రోజున చదునైన ఊళ్లో వచ్చిన 3:52కీ అర్హత కాగితం మీద తేడా లేదు. బోస్టన్ అర్హతే కావలసినవాళ్లు బిగ్ సర్‌కు రాకపోవడం మేలు. ఇక్కడికి తరచుగా వచ్చే పెద్దలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించి, చేతి గడియారంలో కిలోమీటరుకు ఎంత పట్టిందో చూడడం మానేసి, ఊపిరి ఎలా ఆడుతోందో చూసుకుంటారు.

పోటీ రోజు ముందురాత్రే మొదలైనట్టు లెక్క. రహదారి మూసేస్తారు కాబట్టి సొంత కారులో ప్రారంభ స్థలానికి వెళ్లడం కుదరదు. మాంటెరే, కార్మెల్ ఊళ్లనుంచి చీకట్లోనే బస్సులు బయల్దేరతాయి. పరుగెత్తవలసిన దారినే బస్సు వెనక్కి తీసుకెళ్తుంది. కిటికీలోంచి ఏమీ కనబడదు గానీ గేర్లు మార్చే చప్పుడును బట్టి ఎత్తులు తెలుస్తూనే ఉంటాయి. దిగాక రెడ్‌వుడ్ చెట్ల కింద రెండు గంటల దాకా చలిలో నిరీక్షణ. ఇక్కడ అనుభవం ఉన్నవాళ్లను గుర్తుపట్టడం తేలిక. పారేసినా బాధలేని పాత స్వెట్టరు, చేతులకు చవక గ్లోవ్స్, తలా చేతులూ దూరేలా కన్నాలు పెట్టిన పెద్ద చెత్త సంచీ వాళ్ల ఒంటి మీదుంటాయి. కొత్తవాళ్లు రంగురంగుల పల్చటి చొక్కాల్లో వణుకుతూ ఉంటారు. వయసు పెరిగేకొద్దీ ఒళ్లు తన వేడిని కాపాడుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి ఆ చెత్త సంచీని చూసి నవ్వవలసిన పని లేదు.

మొదటి ఎనిమిది కిలోమీటర్లు మోసం చేస్తాయి. ఎత్తైన చెట్ల నీడ, మెత్తటి పల్లం, గాలి లేదు. ఈ పల్లంలో సంపాదించిన ప్రతి నిమిషానికీ తర్వాత రెండు నిమిషాలు కట్టవలసి వస్తుంది. తొడల ముందు కండరాలు పల్లంలో దెబ్బతింటాయి, ఆ దెబ్బ ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర బయటపడుతుంది. చెట్లు ఒక్కసారిగా అయిపోయి పచ్చిక బయళ్లు మొదలవుతాయి. ఎడమవైపు సముద్రంలో రాతిగుట్ట మీద 1889 నాటి పాయింట్ సర్ దీపస్తంభం కనిపిస్తుంది. ఓడలు బద్దలయ్యే చోట కట్టిన దీపం అది. ఇక్కడినుంచి గాలికి అడ్డు లేదు. గుండెల మీది నంబరు కాగితం టపటపలాడడం మొదలవుతుంది. టోపీలు తిప్పి పెట్టుకుంటారు, లేదా చేత్తో పట్టుకుంటారు.

లిటిల్ సర్ నది దాటాక, పదో మైలురాయి దగ్గర, జపాన్ తైకో డప్పులు వినిపిస్తాయి. అది హరికేన్ పాయింట్ ఎక్కే చోటు. రెండు మైళ్లలో దాదాపు 160 మీటర్ల ఎత్తు. పేరులో అతిశయం ఉంది, ఈ తీరానికి నిజమైన హరికేన్లు దాదాపు రావు. కొండ కొమ్ము చుట్టూ రోడ్డు తిరిగే చోట గాలి మాత్రం పేరుకు తగ్గట్టే కొడుతుంది. గంటకు 50 కిలోమీటర్లు దాటిన ఏళ్లున్నాయి. అలాంటి రోజున ఎక్కేవాళ్లు చీలమండల దగ్గర్నుంచి కొంచెం ముందుకు వాలి, అడుగు చిన్నది చేసి, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుంటారు. గాలి ఒక్కసారి ఆగితే తూలుతారు కూడా. పాతకాపుల్లో చాలామంది ఇక్కడ నడుస్తారు. అందులో నామోషీ లేదు. ఈ ఎత్తులో, ఈ గాలిలో, అరవై దాటినవాడి పరుగుకూ చురుకైన నడకకూ మైలుకు తేడా కొద్దిగానే ఉంటుంది, మిగిలే శక్తిలో తేడా మాత్రం చాలా ఉంటుంది. పరుగుకు పరిశ్రమే కొలత, వేగం కాదు అన్న మాటను పాతికేళ్ల రన్నర్‌కు పుస్తకం చదివి నేర్పలేరు. హరికేన్ పాయింట్ నేర్పుతుంది, అదీ మొదటిసారే.

కొండ దిగితే బిక్స్‌బీ వంతెన. సరిగ్గా సగం దూరం. 1932లో పూర్తయిన ఈ కాంక్రీటు వంపు లోయ అడుగునుంచి 79 మీటర్ల ఎత్తున ఉంటుంది, పొడవు 218 మీటర్లు. దీన్ని దాటగానే రోడ్డు పక్కన కోటు తొడుక్కున్న కళాకారుడు గ్రాండ్ పియానో వాయిస్తూ ఉంటాడు. గాలి ఉన్న ఏడు ఆ సంగీతం వంతెన మధ్యకే వినిపిస్తుంది, ఎందుకంటే గాలి అటునుంచే మోసుకొస్తుంది. ఎదురుగాలి చేసే ఒక్క ఉపకారం అదేనేమో. ఫొటోలు తీసుకోవడానికి చాలామంది ఆగుతారు. ఫలితాల పట్టికలో తమ వయసువాళ్లలో మూడో స్థానం కోసం వచ్చిన డెబ్బయ్యేళ్ల మనిషి మాత్రం ఆగడు.

రెండో సగంలో గొప్ప ఎత్తు ఏదీ లేదు, చిన్న ఎత్తులకు అంతే లేదు. రాకీ క్రీక్, గరపాటా, సోబరేనిస్ అంటూ ఒక్కో లోయా దాటుతుంటే రోడ్డు లేస్తుంది, పడుతుంది. వంపుల దగ్గర రోడ్డు ఒక పక్కకు వాలి ఉండడం ఇంకో బాధ. కార్లకు సౌకర్యంగా వేసిన ఆ వాలు ఒక కాలిని రెండో కాలికంటే కింద పెట్టిస్తుంది. తుంటి, మోకాలు అరిగినవాళ్లకు అది గాలికంటే పెద్ద శత్రువు. అందుకే రోడ్డు మొత్తం ఖాళీగా ఉన్నా వాళ్లు చదునైన నడిమి గీత వదలరు. కార్మెల్ హైలాండ్స్ ఎత్తుల్లో, ఇరవైమూడో మైలు దగ్గర, స్ట్రాబెర్రీలు పంచుతారు. ఆ పండ్లకు పేరుపడ్డ శాలినస్, వాట్సన్‌విల్ పొలాలు అక్కడికి దగ్గరే. జెల్ పొట్లాలు మింగి విసిగిన నోటికి అంత రుచైన పదార్థం దారి మొత్తం మీద మరొకటి లేదు.

ఆరు గంటల్లో ముగించాలన్నది నిబంధన, ఎందుకంటే రహదారిని మళ్లీ కార్లకు తెరవాలి. అంటే కిలోమీటరుకు సగటున ఎనిమిదిన్నర నిమిషాలు. చదును నేల మీద డెబ్బయ్యేళ్ల రన్నర్‌కు ఇది పెద్ద షరతు కాదు. గాలి లేచిన ఏడు ఇదే షరతు ఉరితాడవుతుంది. వెనకబడినవాళ్లను ఎక్కించుకునే బస్సు మెల్లగా వెనకే వస్తూ ఉంటుంది. ముగింపు గీత దాటినవాళ్ల మెడలో చేత్తో చేసిన మట్టి పతకం వేస్తారు. కిందపడితే పగులుతుంది, కాబట్టి వంగి నీళ్ల సీసా అందుకునేటప్పుడు పతకాన్ని చేత్తో పట్టుకోవాలి. వంగగలిగినవాళ్ల సంగతి అది.

ఈ దారి ఎప్పుడూ ఇలాగే ఉంటుందన్న హామీ లేదు. 1937లో తెరిచినప్పటినుంచీ ఈ రహదారిని కొండచరియలు, అలలు కొరుకుతూనే ఉన్నాయి. 2011 మార్చిలో రాకీ క్రీక్ సమీపంలో రోడ్డు సముద్రంలోకి జారింది. 2024 మార్చి చివర అదే ప్రాంతంలో మళ్లీ ఒక వరస కూలిపోయింది. ఆ రెండేళ్లూ కార్మెల్‌లోనే మొదలై, దక్షిణానికి వెళ్లి, తిరిగి కార్మెల్‌కే వచ్చేలా దారి మార్చారు. హరికేన్ పాయింట్ లేదు, బిక్స్‌బీ వంతెన లేదు. ఎదురుగాలి బాధ సగానికి తగ్గుతుందని అనిపిస్తుంది. కానీ అలాంటి దారిలో వాయవ్య గాలి వీస్తే అది వెన్ను తట్టేది గాలి ఇంకా మందంగా ఉన్న మొదటి సగంలో, ఎదురయ్యేది పొద్దెక్కి, కాళ్లు అలిసిన రెండో సగంలో. ఆ ఏళ్ల సమయాలను మిగతా ఏళ్లతో పోల్చడానికి లేదు. పాతకాపుల లెక్కలో మాత్రం ఆ పోటీలు కూడా చేరాయి.